రెండు తొండాల ఏనుగు

పాటలగిరి రాజ్యానికి ఉత్తరాన, మనిషన్నవాడు కోరి అడుగుపెట్టని చిత్తడినేలల నడుమ ఘూకశైలమనే నల్లని కొండ ఒకటి ఉంది. పొద్దు బారెడు పైకెక్కినా ఆ కొండ చుట్టూ మంచు విడదు. దాని పాదం దగ్గరి మడుగుల్లో ఎర్రకలువలు విరగబూస్తాయి, ఆ కలువతూడుల మధ్య మొసళ్ళు మొద్దుల్లా పడి ఉంటాయి. కొండ నడుము దాకా పాలరాతి మెట్లు, మెట్ల చివర సింహద్వారం, ద్వారానికి ఇరుపక్కలా స్ఫటికస్తంభాలు, స్తంభాల మీద కెంపుల కన్నులు పొదిగిన గుడ్లగూబలు. చూడటానికి సాక్షాత్తూ ఇంద్రభవనమే. ఇంద్రభవనానికి పోయే దారిలో ఇన్ని పుర్రెలు ఉండవన్నదొక్కటే తేడా.

ఆ ఉదయం ఆ మడుగులో ఒక దోనె మునగడానికి సిద్ధంగా ఉంది. ముందు కొసన మగవేషంలో నిలబడి, విరిగిన తెడ్డును ఈటెలా పట్టుకున్నది పాటలగిరి రాకుమారి హేమంతిక. వెనుక కొసన కూర్చుని దోసిళ్ళతో నీళ్ళు తోడుతున్నవాడు కొమరన. గుడ్డ మీద అచ్చులద్ది బొమ్మలు తేల్చే అద్దకపువాళ్ళలో అతణ్ణి మించినవాడు ఆ రాజ్యంలో లేడని ప్రతీతి. ఆ ప్రతీతే అతని కొంప ముంచింది. దోనె మునగడం ఆ తర్వాతి సంగతి.

"మొసలి మళ్ళీ వస్తోంది. తోడటం మాని ఆ మూట సంగతి చూడు," అంది రాకుమారి.

"మూట తడవనివ్వనమ్మా. నేను తడిస్తే తడుస్తాను," అన్నాడు కొమరన.

మూటలో ఉన్నవి రెండు కొయ్య అచ్చులు. ఒకదాని మీద ఏనుగు, రెండోదాని మీద చిలుక. ఇల్లు విడిచిన నాటి నుంచి అతను వాటిని తలకింద పెట్టుకునే నిద్రపోతున్నాడు. నిద్ర పట్టేదని కాదు.

మొసలి నోరు తెరిచింది. హేమంతిక వెనకడుగు వేయలేదు. విరిగిన తెడ్డును నిలువుగా దాని దవడల మధ్య దింపింది. నోరు మూతపడక ఆ జంతువు తోకతో ఒక్క చరుపు చరిచేసరికి దోనె రెండు ముక్కలైంది. ఆ ఊపులోనే ఇద్దరూ మొసలి వీపు మీద కాలు మోపి, అటునుంచి మెట్ల మీదికి దూకారు. ఈ ముచ్చట రాకుమారి తర్వాత చాలామందికి చాలాసార్లు చెప్పింది గాని, అప్పుడు మాత్రం ఇద్దరూ పైమెట్టును వాటేసుకుని పడి ఉన్నారు.

వాళ్ళిద్దరూ అంత పాటుపడి అక్కడికి ఎందుకొచ్చారో చెప్పకుండా ముందుకు పోతే కథకు న్యాయం కాదు.

పాటలగిరి నగరం నడిబొడ్డున ముత్తరాల చావడి ఉంది. మూడు తరాలవాళ్ళు ఒకే నీడన కూర్చునే చోటు గనుక దానికా పేరు. ఉత్తరపు అరుగు మీద ముసలివాళ్ళు పులిజూదం ఆడుతూ ప్రతి ఎత్తుకూ పోట్లాడుకుంటారు. నడిమి నేల మీద రైతులూ నేతగాళ్ళూ తగువులు తీర్చుకుంటారు, కొత్తవి పెట్టుకుంటారు. దక్షిణపు అరుగు పిల్లలది. అక్కడ ఎవరేం చేసినా అడిగే నాథుడు లేడు. ఆ చావడికి గోడల్లేవు, తలుపుల్లేవు. పైన కట్టిన అద్దకపు మేలుకట్టే దానికి గోడా తలుపూ కావలీ.

మేలుకట్టు చివికినప్పుడల్లా కొత్తది అద్దాలి. బొమ్మల తీరంతా పనివాడి ఇష్టమే గాని, ఒక కట్టుబాటు మాత్రం ఉంది. ఉత్తరపు అంచులో ఒక ఏనుగును ఊళ్ళోకెల్లా పెద్దచెయ్యి అద్దాలి. నడుమ హంసను పనివాడు అద్దాలి. దక్షిణపు అంచులో చిలుకను ఒక పసిచెయ్యి అద్దాలి. ఏ తరం చెయ్యి గుడ్డ మీద పడలేదో ఆ తరానికి ఆ గుడ్డ కింద కాపుదల ఉండదు.

కొమరన ఆ పనికి ఒళ్ళంతా మనసు చేసుకుని కూర్చున్నాడు. ఉత్తరం నుంచి దక్షిణానికి ఒకే తీగ పారించాడు. ముసలివాళ్ళ వైపు తీగకు పండిన కాయలు, నడుమ పూలు, పిల్లల వైపు మొగ్గలు. ముసలి కళ్ళకు ఆనాలని ఉత్తరాన బొమ్మలు పెద్దవి చేశాడు. పిల్లలు వెల్లకిలా పడుకుని వేళ్ళతో చూపించుకోవాలని దక్షిణాన చీమల బారులు, ఉడతలు, తొండలు ఇరికించాడు. ఇంతమంది గురించి అంత ఆలోచించినవాడికి చివర్లో ఆ బుద్ధి ఎటు పోయిందో.

ఊళ్ళోకెల్లా పెద్దది నాగులవ్వ. అద్దకంలో కొమరనకు ఓనమాలు దిద్దించింది ఆమే. ఆమె ఏనుగు అచ్చును పటిక నీళ్ళలో ముంచి అద్దబోతే చెయ్యి వణికి, అచ్చు జరిగి, ఏనుగుకు రెండు తొండాలు వచ్చాయి. పసిచెయ్యి కొమరన మేనకోడలు చేమంతిది. తల్లి పోయాక ఆ పిల్లను పెంచుతున్నది అతనే. అది చిలుకను తలకిందులుగా అద్ది, "బొక్కబోర్లా పడింది మావా," అని కడుపు పట్టుకుని నవ్వింది.

పటికతో అద్దిన బొమ్మ ఆరిపోతే కంటికి ఆనదు. ఎర్రరంగు దిగే చిరువేరు వేసిన రాగికాగులో గుడ్డను ఉడికించినప్పుడే అది ఎర్రగా పైకి తేలుతుంది. అందుకే ఆ రెండు వంకర బొమ్మలూ ఎవరికీ కనపడలేదు. కాని కొమరనకు ఎక్కడున్నాయో తెలుసు. కంట్లో నలుసులా తెలుసు.

ఆ పూటే రంగులమ్మే బేహారి ఒకడు వచ్చి ఆరేసిన గుడ్డ చుట్టూ తిరిగాడు. "చెయ్యంటే నీదే నాయనా. ఇంత పనితనానికి ఆ అంచుల్లో వేరేవాళ్ళ చేతులు పడనిచ్చావేం? పట్టుచీరకు గోనెపట్టా అంచు వేస్తారా ఎవరైనా?" అన్నాడు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం మన కొమరన. అటువంటివాడికి పొగడ్త తగిలితే ఇంకేముంది. తెల్లవారుతూనే నిమ్మచెక్క తీసుకుని అవ్వ అద్దిన చోటా, పిల్ల అద్దిన చోటా రుద్దేశాడు. పులుపు తగిలితే పటిక నిలవదు. ఆ చోట్లలో తన చేత్తో ఒక్క తొండం ఏనుగునూ, తిన్నగా నిలబడ్డ చిలుకనూ అద్దాడు. ఉడికాక చూసినవాళ్ళంతా ఇంత చక్కని మేలుకట్టు పుట్టి బుద్ధెరిగి చూడలేదన్నారు. చేమంతి మాత్రం చిలుక వంక చాలాసేపు చూసి, "ఇది నాది కాదు మావా," అంది. ఉడికినప్పుడు సర్దుకుందని చెప్పాడు. ఆ పిల్ల నమ్మింది. అదే అతన్ని ఇప్పటికీ కోస్తోంది.

మేలుకట్టు ఎత్తిన రోజున రంగుల బేహారి నిజరూపం బయటపడింది. వాడు ఘూకనాథుడు, గుడ్లగూబలను ఉపాసించే మాంత్రికుడు. రెండు తరాల చెయ్యి పడని గుడ్డ కోసం ఎన్నాళ్ళుగానో కాచుకుని ఉన్నవాడు. వాడు చప్పట్లు చరిచేసరికి మేలుకట్టు వలలా కిందికి జారింది. ముసలివాళ్ళందరూ, పిల్లలందరూ అద్దకపు బొమ్మలై గుడ్డలో అతుక్కుపోయారు. గుడ్డ చుట్ట చుట్టుకుని గాలిలోకి లేచిపోయింది. పులిజూదం సరదాతో మారువేషంలో వచ్చి కూర్చున్న రాకుమారి తండ్రి, ముసలి మహారాజు కూడా అందులోనే పోయారు. నడివయసువాళ్ళు మాత్రం ఎక్కడివాళ్ళక్కడ మిగిలారు. హంసను అద్దినది సరైన చెయ్యే గదా. ఆనాటి నుంచి పాటలగిరిలో కథలు చెప్పేవాళ్ళు లేరు, వినేవాళ్ళూ లేరు. అందరూ పొద్దున్నే లేచి పనికి పోతున్నారు, వస్తున్నారు, అన్నం తిని పడుకుంటున్నారు.

చేసిన తప్పును కొమరన ఒక్క రాకుమారికే చెప్పుకున్నాడు. ఆమె కత్తి తీసుకుని బయలుదేరింది.

ఇక ప్రస్తుతానికి వద్దాం. సింహద్వారం తలుపుల మీద చెక్కిన రాతి యక్షుడు వాళ్ళను చూసి కనురెప్పలు విప్పాడు.

"ఈ గడప దాటేవాళ్ళు వయసు చెల్లించాలి. ఇద్దరిలో ఒకరి నడివయసు ఇస్తే ఇద్దరికీ దారి ఇస్తాను," అన్నాడు.

"నాది తీసుకో," అని హేమంతిక ముందుకు వచ్చింది.

కొమరన ఆమె దారికి అడ్డం నిలిచాడు. "వద్దమ్మా. రేపు రాజ్యమేలాల్సినవారు తమరు. పైగా తప్పు చేసింది నేను."

"పిచ్చివాడా, నీ చేతికి వయసు మళ్ళితే మళ్ళీ అచ్చు పట్టగలవా?"

ఆ మాట గురించి ఆలోచిస్తే ధైర్యం జారిపోతుందని భయం. యక్షుడి రాతి అరచేతిలో తన అరచెయ్యి పెట్టాడు. ఒక్క చలిగాలి అతని ఒంట్లో నుంచి దూసుకుపోయింది. అది పోతూ పోతూ నల్లని జుట్టును, నిటారైన వీపును, నాలుగు తప్ప మిగతా పళ్ళను పట్టుకుపోయింది. మిగిలింది ఒక వంగిన ముసలివాడు. అతను చేతులు పైకెత్తి చూసుకున్నాడు. రెండూ వణుకుతున్నాయి. ఆపుదామని ఒక చేత్తో రెండో చేతిని పట్టుకున్నాడు. అప్పుడు రెండూ కలిసి వణికాయి.

హేమంతిక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడిస్తే పెట్టుడు మీసం ఊడుతుందని ఆపుకుంది.

"ఒకందుకు మంచిదే. ఆ మాంత్రికుడు నన్నిక గుర్తుపట్టలేడు," అన్నాడు కొమరన. ఆ గొంతు అతనికే కొత్తగా వినపడింది.

లోపలి కొలువుకూటం చూస్తే కళ్ళు చెదురుతాయి. నేలంతా పగడాల తాపడం, గోడలంతా నెమలిపింఛాల అల్లిక, పైకప్పుకు వేలాడే వెండిగొలుసుల చివర రత్నదీపాలు. వాటన్నిటి నడుమ, మనిషి దిగి ఈదగలిగేంత రాగికాగు ఒకటి సలసల కాగుతోంది. దాని పక్కన పట్టుపరుపు మీద ఘూకనాథుడు సగం కళ్ళు మూసి జోగుతున్నాడు. గుడ్లగూబ విద్య నేర్చినవాడికి పగలు చూపు సరిగా ఆనదు.

"ఎవరది? కాగు పనికి పిలిపించిన రంగులవాడివేనా?" అన్నాడు ఆవులిస్తూ.

"అవును స్వామీ. వీడు నా కొడుకు. పుట్టు మూగ," అన్నాడు కొమరన.

మొసలి నోట్లో తెడ్డు పెట్టడానికి జంకని రాకుమారికి నోరు మూసుకుని ఉండటం మహాకష్టమైంది. బుద్ధిగా తలవంచుకుంది.

"మూగవాడైతే మరీ మంచిది. ఓరి ముసలోడా, ఆ వేలాడే గుడ్డ చూడు. దాన్ని ఈ కాగులో ఇంకోసారి ఉడికించాలి. ఉడికితే అందులో ఉన్నవాళ్ళు ఎప్పటికీ బయటికి రారు. అది కప్పుకుంటే పిల్లల ముందున్న ఏళ్ళూ, ముసలివాళ్ళ వెనకున్న ఏళ్ళూ నావే. చెయ్యి చురుకుగా కానీ."

కొమరన గుడ్డ దగ్గరికి వెళ్ళాడు. తన పనే. తీగ, కాయలు, పూలు, మొగ్గలు. కాయల మధ్య ముసలివాళ్ళు ముడుచుకుని ఉన్నారు, మొగ్గల మధ్య పిల్లలు. చెవి ఆనిస్తే ఎండుటాకుల గలగలలాంటి సన్నని గొణుగుడు వినపడింది. తిన్నగా నిలబడ్డ ఆ అందమైన చిలుక పక్కనే చేమంతి ఉంది. ఒక జడ ఊడిపోయి ఉంది. ఆ రోజు పొద్దున జడ వేస్తానని చెప్పి, గుడ్డ ఎత్తే హడావిడిలో తానే మరిచిపోయాడు. ఆ ఊడిన జడను చూసేసరికి అతని గుండె చెరువైపోయింది.

గుడ్డను దొంగిలించి పారిపోవాలన్నది వాళ్ళు వేసుకున్న పథకం. కాని మూట విప్పి ఏనుగు అచ్చు చేతిలోకి తీసుకోగానే అది చేతిలో ఎగిరెగిరిపడింది. ఆ వణుకు అతనికి తెలుసు. నాగులవ్వ చేతిలో చూశాడు. ఊళ్ళోకెల్లా పెద్దచెయ్యి కదా కావలసింది. ఈ కొండ మీద ఇప్పుడు ఆ పెద్దచెయ్యి తనదే. ఆ చేత్తో ఏనుగును అద్ది తేలిస్తే ముసలివాళ్ళకు కాపుదల తిరిగొస్తుంది.

గోడవారనున్న పటిక నీళ్ళ గిన్నె తెచ్చుకున్నాడు. అచ్చు ముంచాడు. తాను అద్దిన ఒక్క తొండం ఏనుగు మీదే, దానికి సరిగా పెట్టాలని చూశాడు. ఎన్ని పాట్లు పడినా చెయ్యి నిలవలేదు. అచ్చు జరిగి పక్కకు పడింది. నిన్నటిదాకా ఇటువంటి పని చేసినవాణ్ణి అతను పనిలో నుంచి తీసేసేవాడు. అవ్వ ఆ రోజు ఎంత ప్రయత్నించి ఉంటుందో, ఎంత సిగ్గుపడి ఉంటుందో, అయినా నవ్వుతూ అచ్చు చేతికిచ్చి ఎలా పక్కకు తప్పుకుందో అప్పుడు తెలిసొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది.

"ఏమిట్రా అద్దుతున్నావు?" మాంత్రికుడు పరుపు దిగి వచ్చి, ముక్కు గుడ్డకు తగిలేలా వంగి చూశాడు.

రాకుమారి చెయ్యి అంగీలో దాచిన కత్తి మీదికి పోయింది.

"పటిక నీళ్ళు స్వామీ. అంచు గట్టిపడటానికి."

"ఏమీ కనపడదే."

"ఉడికితే కనపడుతుంది," అన్నాడు కొమరన. ఆ మాట మాత్రం అబద్ధం కాదు.

ఇప్పుడు చిక్కంతా ఒక్కచోట ఉంది. ముసలివాళ్ళున్న ఉత్తరపు అంచు కాగులో మునగాలి. పిల్లలున్న దక్షిణపు అంచుకు చుక్క తగలకూడదు. పసిచెయ్యి ఇంకా పడలేదు గనుక అది ఉడికితే పిల్లలు ఇక ఎప్పటికీ అంతే. కొమరన దక్షిణపు అంచును చుట్టచుట్టి తన మెడకు వేసుకున్నాడు. ఉత్తరపు అంచును కాగులోకి జారవిడిచాడు.

"మొత్తం ముంచు," అన్నాడు ఘూకనాథుడు.

"ముందు అంచు రంగు పట్టాలి స్వామీ. అంచు పట్టకుండా ఒళ్ళు ముంచితే రంగు పారిపోతుంది. మా వాళ్ళ పని తీరు ఇంతే."

ఆవిరి కమ్ముకుంది. ఎర్రని నీళ్ళలో గుడ్డ బుసబుస పొంగింది. గెడకర్రతో పైకెత్తి చూస్తే ఏమీ లేదు. మళ్ళీ ముంచాడు. మళ్ళీ ఎత్తాడు. తన ఏనుగు పక్కన సన్నగా, తప్పతాగినవాడి నడకలా, ఇంకో ఏనుగు ఎర్రగా పైకి తేలుతోంది. దాని తొండం మొదటిదాన్ని వదిలి పక్కకు వంగింది.

బొమ్మ పెద్దది గనుక పగటి చూపు ఆనని మాంత్రికుడికి కూడా అది కనపడింది. "ఏనుగుకు రెండు తొండాలేమిట్రా?" అన్నాడు. అని, అర్థమై, కెవ్వున అరిచాడు.

అప్పటికే పని అయిపోయింది. గుడ్డలో నుంచి ముసలివాళ్ళు చెట్టు దులిపితే రాలే కాయల్లా నేల మీద రాలారు. కొందరు దగ్గుతూ, కొందరు తిట్టుకుంటూ లేచారు. ముసలి మహారాజు లేస్తూనే గుప్పిట్లోని పులిజూదం రాయి చూసుకుని, "ఎత్తు నాదే, ఎవరూ కదపకండి," అన్నారు. రాకుమారి ఇక మూగతనాన్ని గాలికొదిలి, "నాన్నగారూ, తల వంచండి," అని, కాగు పక్కనున్న గరిటెతో మరుగునీళ్ళు తోడి మాంత్రికుడి ముఖాన కొట్టింది. లోపలి గుడ్లగూబ విద్య పైకి తేలి వాడి ముఖం మీద ఈకలు మొలిచాయి, చేతులు రెక్కలయ్యాయి. చూస్తుండగానే వాడు ఏనుగంత గుడ్లగూబై, చూపు చెదిరి స్తంభాలకు కొట్టుకుంటూ రత్నదీపాలను నేలరాల్చాడు. స్తంభాల మీది గుడ్లగూబలన్నీ ప్రాణం పోసుకుని లేచాయి. ముసలివాళ్ళు తక్కువ తినలేదు. గెడకర్రలు, గరిటెలు, నిప్పుకట్టెలు ఎవరికి దొరికింది వాళ్ళు అందుకున్నారు. తిడుతూ కొట్టడంలో పడుచువాళ్ళకన్నా రెండాకులు ఎక్కువే చదివినవాళ్ళు.

హేమంతిక వెనుకవైపు సొరంగం చూసి అందరినీ అటు తరిమింది. చివరగా గుడ్డ మెడకు చుట్టుకుని కొమరన, అతని పక్కనే నాగులవ్వ.

"పెద్దాయనా, ఆ రెండో ఏనుగు అద్దింది నువ్వేనా? చెయ్యి నాకులాగే వణుకుతోందే. ఏ ఊరయ్యా మనది?" అంది నడుస్తూనే.

"అవ్వా, నేను కొమరనని. మీ ఏనుగును నిమ్మచెక్కతో తుడిచేసింది నేనే. పిల్ల చిలుకను కూడా."

నాగులవ్వ ఆగిపోయింది. వెనుక రెక్కల చప్పుడు దగ్గరవుతున్నా అతని ముఖం తడిమి చూసింది. ముక్కు, చెంపలు, ఊడిన పళ్ళు.

"నిమ్మ వాసన ఆ రోజే తెలిసిందిరా కొమరా. గుడ్డ విప్పుతూనే ముక్కుకు కొట్టింది. ఇంత బాగా చేశాడు, నలుగుర్లో చిన్నబోతాడని ఊరుకున్నాను. ఆనాడే చెంప పగలగొట్టి ఉండాల్సింది. నాదీ తప్పే." ఆమె అతని చెయ్యి పట్టుకుని లాగింది. "పద. పిల్లలింకా అందులోనే ఉన్నారు. ఏ పసిచెయ్యి అయినా ఒక్కటి చాలు, చిలుక అద్దించి ఉడికించామంటే బయటికి వస్తారు. ఈ కొండ మీద పసివాళ్ళు లేరు. కొండ దిగాలి."

"చిలుక అచ్చు నా దగ్గరే ఉంది అవ్వా."

"ఈసారి అది తలకిందులుగా పడితే పడనియ్యి."

సొరంగం చివర ఎండ కనపడింది. ఆ వెలుగులో లోయ, లోయ మీద నారతాళ్ళ వంతెన, అడుగున నురగలు కక్కే ఏరు. రాకుమారి ముందు నడిచి ముసలివాళ్ళను ఒకరి వెనుక ఒకర్ని దాటించింది. నాగులవ్వ దాటింది. కొమరన గుడ్డను తల మీద పెట్టుకుని నడిమికి వచ్చేసరికి సొరంగం బద్దలైనట్టు చప్పుడైంది. ఆ ఏనుగంత గుడ్లగూబ బయటికి దూసుకొచ్చింది. ఎండకు కళ్ళు కనపడక అది ముక్కుతో దొరికినదల్లా కొరకసాగింది. దొరికినవి వంతెన తాళ్ళు.

వంతెన ఒక పక్కకు ఒరిగింది. కొమరన కాలు జారి తాడుకు వేలాడాడు. గుడ్డ కొసను పళ్ళతో, మిగిలిన నాలుగు పళ్ళతో పట్టుకున్నాడు. మంత్రం తగిలాక మళ్ళీ ఉడకని అంచు రంగు నీళ్ళకు నిలవదు, అది కింద వేలాడుతోంది. ఏటి తుంపరలు దాని కొసకు తగిలిన చోట ఒక చీమల బారు వెలిసిపోయి మాయమైంది. తాడు మీద ఒక్క చెయ్యి వదిలినా తాను పోవచ్చు. వదలకపోతే గుడ్డను పైకి లాక్కోలేడు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

అవతలి గట్టు నుంచి నాగులవ్వ అందరికన్నా ముందు వంతెన మీదికి పాకి, బోర్లా పడుకుని చెయ్యి చాచింది. ఆ చెయ్యి వణుకుతోంది. అందుకోవాలని అతను చాచిన చెయ్యీ వణుకుతోంది. రెండూ ఒకదాన్నొకటి తప్పిపోతున్నాయి. రాకుమారి తాడు నడుముకు కట్టుకుని వంతెన మీదికి పాకుతోంది, ఇంకా దూరంలో ఉంది.

అప్పుడు అతని గడ్డం కింద గుడ్డలో సన్నగా గలగలమంది. ఊడిన జడతో చేమంతి, చిలుక పక్క నుంచి అతని వైపే చూస్తోంది.

"తాతా," అంది ఆ పిల్ల, "మా మావ గుడ్డ తడవనివ్వడు. ఆయన్ను పిలవవా? వస్తాడు గదా?"

కొమరనకు జవాబు చెప్పడానికి నోరు లేదు. ఆ పిల్ల ఉన్న గుడ్డ అతని పళ్ళ మధ్య ఉంది. పైన ఇంకో తాడు తెగింది.